దేవసహాయం వెయ్యి

అవనిగడ్డ చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాళ్లు ఒకప్పుడు ఇటుకల కోసం వెళ్తే "వెయ్యి కావాలి" అనేవారు కాదు, "దేవసహాయం వెయ్యి కావాలి" అనేవారు. మామూలు వెయ్యికీ ఆ వెయ్యికీ పది ఇటుకలు తేడా. ఆ పది ఇటుకలు ఒక పిల్ల బతుకును ఎటు తిప్పాయో చెప్పడానికే ఈ కథ. ఇందులో తిట్టుకోదగ్గ దుర్మార్గుడు ఎవడూ లేడు. ఉంటే కాస్త హాయిగా ఉండేది.

పులిగడ్డ దగ్గర కృష్ణ ఒడ్డున జనార్దనరావు గారి ఇటుకల బట్టీ ఉండేది. దేవసహాయం వయసులో ఉన్నప్పుడు తాపీ మేస్త్రి. పరంజా మీద నుంచి పడి మోకాలు పోయాక, ట్రాక్టర్లకు ఎత్తే ఇటుకలు లెక్కపెట్టే పనిలో కూర్చున్నాడు. పొట్ట కోస్తే అక్షరం ముక్క లేదు. అయినా పన్నెండేళ్లలో ఆయన లెక్క తప్పిందని ఒక్కరూ అనలేదు. ధాన్యం కొలిచేవాళ్లలాగే "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు. లాభం, రెండు, మూడు అంటూ వంద పూర్తవగానే విడిగా ఒక ఇటుక తీసి తన పక్కన నేల మీద పెట్టేవాడు. అది గుర్తిటుక. పది గుర్తిటుకలు చేరితే ట్రాక్టరు వెనక ట్రక్కులో వెయ్యి పడినట్టు. అప్పుడు ఆ పదింటినీ కూడా ట్రక్కులోకే ఎత్తించేవాడు.

మొదట్లో జనార్దనరావు గారు గొణిగారు. దారిలో కొన్ని విరుగుతాయనీ, మేస్త్రి కొన్ని ముక్కలు చేసుకుంటాడనీ, కట్టుకునేవాడికి చివరికి వెయ్యి దక్కాలి కదా అనీ దేవసహాయం నెమ్మదిగా చెప్పాడు. కోడూరు నుంచీ నాగాయలంక నుంచీ కూడా జనం దేవసహాయం వెయ్యి కోసమే రావడం మొదలయ్యాక ఆ గొణుగుడు ఆగిపోయింది. కొసరు వేసిన చెయ్యి చెడదని దేవసహాయం నమ్మకం. ఆదివారం చర్చిలో విన్న మాటల కంటే కూడా ఆయనకు ఆ నమ్మకమే గట్టిది.

ఆయన కూతురు కరుణమ్మ. అల్లుణ్ణి వరికోతల్లో పాము కరిచింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. రెండేళ్ల పిల్లను చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన కరుణమ్మ, బట్టీలో ఇటుకలు మోసే పనిలో చేరింది. ఆ పిల్లే ఎస్తేరు. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు కదా, దేవసహాయానికి మనవరాలంటే ప్రాణం. ఊక దుమ్ములో, పచ్చి ఇటుకల వరసల మధ్య, తాత మోకాలి పక్కనే పెరిగింది ఆ పిల్ల. మాటలు రాకముందే "లాభం" అనేదని కరుణమ్మ నవ్వుతూ చెప్పేది.

బట్టీలో ఆడపిల్లకు పదకొండో పన్నెండో ఏడు వచ్చిందంటే నెత్తి మీద బరువు మోసే గుడ్డ చుట్టకుదురు పడాల్సిందే. కరుణమ్మకూ అట్లాగే పడింది. అప్పుడు తాను పరంజాల మీద ఊళ్లు తిరుగుతూ కూతురి గురించి ఆలోచించలేదని దేవసహాయానికి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. అందుకే మనవరాలి విషయంలో ఒక పట్టు పట్టాడు. ఇటుక దాని చేతిలో ఉండాలిగానీ నెత్తిన ఉండకూడదు. ఈ మాట కరుణమ్మతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అన్నిటికీ లెక్క ఉన్న మనిషి దీనికి మాత్రం లెక్క పెట్టుకోలేదు.

ఆ ఊరి బడిలో సాంబశివరావు మాస్టారు ఒక్కడే అయిదు తరగతులకూ పాఠం చెప్పేవాడు. తొంభై ఆరు జనవరిలో ఒక సాయంత్రం ఆయన సైకిలు మీద బట్టీ ముందు నుంచి వెళ్తుంటే, తన బడి పిల్లలు ఏడెనిమిది మంది దేవసహాయం చుట్టూ చేరి కనిపించారు. ఆ రోజు పొద్దున క్లాసులో సగానికి మూడోవంతు కలపమంటే అందరూ పైవి పైవి, కిందవి కిందవి కలిపి ఐదింట రెండు వంతులని రాశారు. మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టాడు. ఆ దెబ్బల కథ ఎస్తేరు తాతకు చెప్పినట్టుంది.

దేవసహాయం ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టాడు. దాని పక్కన ఇంకో ఇటుకను పొడుగాటి అంచు మీద పెట్టాడు. దాని ఎత్తు నిలువిటుకలో సరిగ్గా సగం. ఆ అంచిటుక మీద మూడో ఇటుకను బల్లపరుపుగా పడుకోబెట్టాడు. అట్లాంటివి మూడు పేరిస్తే నిలువిటుకంత అవుతాయి కనుక దాని మందం మూడోవంతు. సగం మీద మూడోవంతు ఎక్కినా నిలువిటుక ఇంకా కాస్త పైకే ఉంది. ఆ మిగిలిన సందు ఎంతుందో చూడమన్నాడు. ఎస్తేరు వేలు పెట్టి కొలిచి, పడుకున్న ఇటుక మందంలో సగమని చెప్పింది. అట్లాంటి సందులు ఎన్నయితే నిలువిటుక అవుతుందని అడిగాడు. పిల్లలు వేళ్లతో కొలుచుకుంటూ పైకి వెళ్లారు. ఆరు. ఆరింట ఒకటి తక్కువ, అంటే ఆరింట అయిదు వంతులు.

సాంబశివరావు మాస్టారు సైకిలు దిగి, ఇవన్నీ నీకెవరు నేర్పారయ్యా అని అడిగాడు.

"ఎవరూ నేర్పలేదండీ. ఇది తెలీకపోతే గోడ పడిపోద్దండీ" అన్నాడు దేవసహాయం.

మాస్టారు మంచివాడే. తనకంటే తెలిసినవాడు కనిపిస్తే ముఖం తిప్పుకునే రకం కాదు. ఆ మర్నాటి నుంచీ దేవసహాయాన్ని "మేస్త్రీ" అని పిలవడం మొదలుపెట్టాడు. శనివారం మధ్యాహ్నాలు పిల్లల్ని వరసగా నడిపించుకుని బట్టీకి తీసుకొచ్చేవాడు. అతుకు మీద అతుకు రాకుండా వరసలు పేర్చడం, మూల తిప్పడం, చిల్లుల గోడకు ఎన్ని ఇటుకలు మిగులుతాయో ముందే చెప్పడం, ఇవన్నీ ఎక్కాలుగా, భాగాహారాలుగా మారిపోయాయి. బెత్తం పని బాగా తగ్గిందని పిల్లలే సాక్ష్యం చెప్పేవారు.

ఒక శనివారం దేవసహాయం ఒక ఆట పెట్టాడు. ఇటుక పొడుగంత ఎత్తు గోడ కట్టాలి. ఇటుకను నిలబెడితే ఒకటి చాలు, అంచు మీద పెడితే ఒకదాని మీద ఒకటి రెండు కావాలి. అరిటుక పొడుగు గోడను ఒక్క రకంగానే కట్టగలం. ఇటుక పొడుగైతే రెండు రకాలు. ఇటుకన్నరకు మూడు. రెండిటుకలకు పిల్లలు పేర్చి పేర్చి అయిదు తేల్చారు. రెండున్నరకు ఎనిమిది. మూడిటుకల పొడుగు గోడకు ఎన్ని రకాలని ఆయన అడగకముందే ఎస్తేరు చేతులు దులుపుకుంది.

"పదమూడు తాతా. పేర్చక్కర్లేదు. వెనక రెండూ కలిపితే ముందుది వచ్చేస్తంది."

నలభై ఏళ్లు ఇటుకలతో బతికిన దేవసహాయానికి ఆ సంగతి తెలియదు. మాస్టారు నమ్మక నేల మీద సుద్దతో గీసుకుంటూ కూర్చుని పన్నెండే వచ్చాయన్నాడు. ఎస్తేరు వంగి ఆయన మర్చిపోయిన గోడ గీసి చూపించింది. ఆ రోజు మాస్టారు తిరిగి వెళ్లేటప్పుడు సైకిలు ఎక్కకుండా, తోసుకుంటూ, కరుణమ్మ ఇంటి దాకా నడిచాడు. ఆడపిల్లల గురుకుల పాఠశాల ఒకటి ఉందనీ, వచ్చే ఏడు అయిదో తరగతి అయ్యాక ప్రవేశ పరీక్ష రాయిద్దామనీ, సీటు వస్తే తిండీ బట్టా పుస్తకాలూ పదో తరగతి దాకా వాళ్లవేననీ చెప్పాడు.

కరుణమ్మ నడుము అప్పటికే పాడైంది. పొద్దున లేచి నిటారుగా నిలబడటానికి గోడ పట్టుకునేది. సీటు వస్తే పిల్ల వెళ్తుంది, రాకపోతే నాతో పాటు బట్టీకి వస్తుంది, ఇంకో దారి నాకు లేదు మాస్టారూ అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమెను కఠినురాలు అనేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క పూట ఆ ఇటుకలు మోసి చూడాలి.

ఏడాదిపాటు తాత ఇటుకలతో, మాస్టారు పలకతో ఆ పిల్లను సిద్ధం చేశారు. తొంభై ఏడు ఏప్రిల్లో పరీక్ష బందరులో పెట్టారు. దేవసహాయం ఉతికిన పంచె కట్టుకుని, మనవరాలికి కొత్త గౌను తొడిగించి, మొదటి బస్సుకే తీసుకెళ్లాడు. పిల్ల లోపలికి వెళ్లాక గేటు పక్క అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న గోడలో ఇటుకలు లెక్కపెట్టాడు. చేతకాని మేస్త్రి కట్టిన గోడ. రెండు చోట్ల అతుకు మీద అతుకు వచ్చింది. ఇంత పెద్ద ఊళ్లో ఈ పాటి పనివాడు లేడా అని చిరాకుపడ్డాడు.

ఎస్తేరు బయటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"తాతా, ఇటుకల లెక్క వచ్చింది! అయిదు మార్కులది!"

బస్టాండులో లడ్డు కొనిపెట్టి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క చెప్పించుకున్నాడు. ఒక్కో ట్రక్కుకు వెయ్యి ఇటుకల చొప్పున ఎనిమిది ట్రక్కుల ఇటుకలు తెచ్చారు. దారిలో రెండు వందల నలభై విరిగిపోయాయి. మిగిలినవి ఎన్ని? ఎనిమిది ట్రక్కులకు ఎనిమిది వేల ఎనభై, అందులో రెండు వందల నలభై పోతే ఏడు వేల ఎనిమిది వందల నలభై అని రాశానంది. దేవసహాయం కళ్లు మూసుకుని లోపల లెక్క కట్టుకున్నాడు. సరిగ్గా అంతే వచ్చింది. పరీక్ష పెట్టినవాళ్లు కూడా మన బట్టీకి వచ్చి చూసి వెళ్లారేమోనే అని మురిసిపోయి, చల్లపల్లి దాటేదాకా పక్క సీటు ఆయనకు మనవరాలి గొప్ప చెప్పాడు. ఆయన అంత సంతోషంగా ఉన్న రోజు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. బడులు తెరిచిన వారానికి మాస్టారు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మూడు మార్కుల్లో సీటు పోయిందని చెప్పాడు. బందరులో పరీక్షల ఆఫీసులో తెలిసినవాళ్లను పట్టుకుని మార్కులు కనుక్కున్నాడట. తెలుగు బాగానే ఉంది, లెక్కల్లో ఒక పెద్ద లెక్క పూర్తిగా పోయింది. ఏది పోయిందో ఆయనకు అర్థం కావడం లేదు. గుర్తున్నంతవరకూ పేపరు మళ్లీ చెయ్యమని ఎస్తేరు ముందు పలక పెట్టాడు.

పిల్ల ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చింది. అన్నీ సరైనవే. అయిదు బుట్టలకు వెయ్యేసి నిమ్మకాయల లెక్కలో అయిదు వేలే వేసింది. నిమ్మకాయలైతే ఆ పిల్లకు వెయ్యి అంటే వెయ్యే. ఆ తర్వాత ఇటుకల లెక్క వచ్చింది. పలక మీద ఎనిమిది వేల ఎనభై అని పడగానే మాస్టారు చూపు అక్కడే ఆగిపోయింది. శనివారాలన్నీ ఆయన ఆ గుర్తిటుకల పక్కనే కూర్చున్నాడు. దేవసహాయం వెయ్యి అని తానూ నవ్వుతూ అన్నాడు. పిల్ల తలలోకి అది అట్లాగే దిగిపోయిందని మాత్రం ఒక్కనాడూ తోచలేదు.

దేవసహాయం పలక వంక చూసి, అందులో తప్పేముందండీ అని అడిగాడు.

"ఎనిమిది ట్రక్కులకి ఎన్ని మేస్త్రీ?" అన్నాడు మాస్టారు.

"ఎనిమిది వేలు. ఆ పైన..."

ఎనభై అనబోయి ఆగాడు. తాను ఏమన్నాడో తన చెవితోనే విన్నాడు దేవసహాయం. చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు. ఎస్తేరు పలక వంకా, మాస్టారి వంకా, తాత వంకా చూసింది. తడి గుడ్డ తీసుకుని ఆ లెక్క ఒక్కటీ తుడిచేసి, ఇంట్లోకి వెళ్లిపోయింది. తన మనవరాలు తెలియక తప్పు రాయలేదు. తెలిసినదే రాసింది. తెలియజెప్పినవాడు తాను. 

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని తెలిసి కూడా, నాలుగో రోజున ఎవరితోనూ చెప్పకుండా బందరు బస్సెక్కాడు. గోనెసంచిలో పది ఇటుకలు పెట్టుకున్నాడు. ఆ మోకాలితో, ఆ బరువుతో, బస్టాండు నుంచి ఆఫీసు దాకా నాలుగు చోట్ల కూలబడుతూ నడిచాడు. అక్కడ కుర్చీలో ఉన్నావిడ ఆయన్ని బయటికి పొమ్మనలేదు. బల్ల పక్కన నేల మీద ఆయన పది ఇటుకలూ వరసగా పెట్టి, వంద వంద చొప్పున ఎట్లా లెక్కపెడతారో, ఆ పదీ ఎందుకు పైన వేస్తారో చెబుతుంటే మొత్తం విన్నది. మనవరాలు తెలివిగలదని ఒప్పుకుంది. కానీ పేపర్లో వెయ్యి అని ఉంది, వెయ్యి అంటే అందరికీ వెయ్యే, ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదని చెప్పింది.

"మరి దారిలో విరిగేవాటికి ఎవరు పూచీ అండీ?" అని అడిగాడు దేవసహాయం.

ఆవిడ బంట్రోతును కేకేసింది. మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది. ఆయన నీళ్లు తాగి, ఇటుకలు మళ్లీ సంచిలో సర్దుకుని, తిరుగు బస్సెక్కాడు. ఇటుకను ఎక్కడపడితే అక్కడ పారేసే చెయ్యి కాదది. ఆ సంచి నెలల తరబడి ఇంటి గుమ్మం పక్కనే ఉండిపోయింది. దాన్ని దాటుకుంటూ ఎస్తేరు తల్లితో కలిసి నాట్లకు వెళ్లింది, కలుపులకు వెళ్లింది. తాతను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది. శనివారం సాయంత్రాలు మాస్టారు వచ్చినా పలక పట్టలేదు.

క్రిస్మస్ వెళ్లింది. జనవరిలో బట్టీ మళ్లీ మొదలైంది. పని మొదలయ్యే రోజు పొద్దున కరుణమ్మ పాత చీర చింపి రెండో చుట్టకుదురు చుట్టింది. దేవసహాయం అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. కరుణమ్మ ఆయన వైపు చూడకుండా గుడ్డను గట్టిగా మెలేసి, కూతురి తల మీద పెట్టి, చిన్నదైందేమోనని రెండుసార్లు సరిచేసింది.

ఆ మధ్యాహ్నం నాగాయలంక వైపు నుంచి ట్రాక్టరు వచ్చింది. పొద్దుటి నుంచీ ఆడవాళ్లు మోసి తెచ్చిన ఇటుకలు దారి పక్కన పేర్చి ఉన్నాయి. దేవసహాయం తన పాత చోట కూర్చున్నాడు. కుర్రాళ్లు మొదటి ఇటుక అందుకుని ఆయన వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. లాభం అన్న మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. జనార్దనరావు గారు ముసలాడికి ఒంట్లో బాగోలేదనుకుని, అప్పుడే బరువు దించిన ఎస్తేరును లెక్కపెట్టమన్నారు.

ఎస్తేరు చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుని ట్రక్కు పక్కన నిలబడింది.

"ఒకటి" అంది. "రెండు. మూడు."

వంద అయింది. దేవసహాయం చెయ్యి అలవాటు కొద్దీ పక్కకు వెళ్లి ఒక ఇటుకను ఎత్తింది. పిల్ల లెక్క ఆపకుండానే ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ప్రతి వందకూ నేల మీద పుల్లతో ఒక గీత గీసింది. పది గీతలు అయ్యాక, చాలు, వెయ్యి అని చెప్పింది. ఆ ఇటుక ఇంకా దేవసహాయం ఒళ్లోనే ఉంది.

ట్రాక్టరు వెంట వచ్చిన, ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి ట్రక్కులోకి తొంగి చూశాడు. పైన వేసే పది ఇటుకలు కనపడలేదు. ఇది దేవసహాయం వెయ్యి కాదా అని అడిగాడు. జనం అందరూ ముసలాయన వైపు తిరిగారు. ఇందాక రాని గొంతు అప్పుడు వచ్చింది.

"కాదండీ. ఇది బళ్లో చెప్పే వెయ్యండీ. మా అమ్మాయి లెక్క ఇప్పుడు సరిగ్గా వచ్చింది."

ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు. ట్రాక్టరును కదలమన్నాడు. దుమ్ము అణిగాక ఎస్తేరు మళ్లీ చుట్టకుదురు పెట్టుకుని బట్టీ వైపు వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు నెత్తిన ఆరు ఇటుకలు ఉన్నాయి. రెండు పొడుగ్గా, వాటి మీద రెండు అడ్డంగా, మళ్లీ రెండు పొడుగ్గా. ఎక్కడా అతుకు మీద అతుకు రాలేదు. మెడ బిగబట్టి, ఒక్క ఇటుక కూడా కదలకుండా, తాత నేర్పినట్టే సరిగ్గా పేర్చుకుని నడిచి వస్తోంది ఆ పిల్ల. దేవసహాయం ఒళ్లో ఉన్న ఇటుకను రెండు చేతులతో పట్టుకుని, అందరి ముందే ఏడ్చాడు.